కదిలించిందెవరు?

మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. పుస్తకాల్లో జ్ఞానేంద్రియాల సంగతి ఒక అధ్యాయం, కండరాల్ని కదిలించే మోటార్ వ్యవస్థ ఇంకో అధ్యాయం. మొదటిదాంట్లో కబుర్లు లోపలికి వస్తాయి, రెండోదాంట్లో ఆజ్ఞలు బయటికి పోతాయి. పిల్లలు అలాగే బట్టీ పడతారు, మార్కులూ వస్తాయి. కానీ మనం కావాలని చెయ్యి కదిపినప్పుడు, ఆ కదలిక వల్ల పుట్టే స్పర్శ మెదడుకి చేరేలోపే మోటార్ భాగం జోక్యం చేసుకుంటుంది. దేన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో ముందే సర్దిపెడుతుంది. ఈ ముక్కకి పుస్తకంలో దొరికే చోటు మహా అయితే అర పేజీ.

ఆ అర పేజీ చెబుతూ చెబుతూ నాకు ఒంటబట్టిన పాఠాలివి. కొత్తగా క్లాసు తీసుకోబోయేవాళ్ళకీ, ఇంట్లో మంచాన పడ్డవాళ్ళని చూసుకునేవాళ్ళకీ పనికొస్తాయని రాస్తున్నాను. ప్రాముఖ్యం చూసి వరస పెట్టలేదు, గుర్తొచ్చినట్టు రాసుకుపోయాను.

1. చక్కిలిగింతలతో మొదలుపెట్టండి

బోర్డు మీద బొమ్మ వెయ్యకముందే, ఎవరి అరికాలికి వాళ్ళని చక్కిలిగింతలు పెట్టుకోమనండి. ఏమీ ఉండదు. తర్వాత పక్కవాణ్ణి పెట్టమనండి. క్లాసంతా గొల్లుమంటుంది. ఆ గోల సద్దుమణిగాక అడగండి: చర్మం అదే, తాకిన చోటూ అదే, తేడా ఎక్కడొచ్చింది?

"నేనే చేస్తున్నానని నాకు తెలుసు కాబట్టి సార్" అని ముందు బెంచీ నుంచి జవాబొస్తుంది. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అది చాలదని చూపించింది లండన్‌లో పనిచేసిన సారా జేన్ బ్లేక్‌మోర్, డేనియల్ వోల్పర్ట్, క్రిస్ ఫ్రిత్. 1998లో వాళ్ళు మనుషుల్ని స్కానర్లో పడుకోబెట్టి, కడ్డీకి కట్టిన మెత్తటి స్పాంజి ముక్కతో అరచేతిని రాయించారు. ఎవరి చేతిని వాళ్ళే రాసుకున్నప్పుడు స్పర్శని అందుకునే కార్టెక్స్ (మెదడు పైపొర) భాగం అంతగా ఉలకలేదు. వేరేవాళ్ళు రాసినప్పుడు బాగా స్పందించింది. ఈ తేడాలో చిన్నమెదడు, అంటే సెరిబెల్లం పాత్ర ఉన్నట్టు కూడా కనబడింది.

అసలు మెలిక ఆ మరుసటి ఏడాది ప్రయోగంలో ఉంది. ఎడమ చేత్తో ఒక రోబోని కదిపితే, దాన్ని అనుసరించి మరో రోబో కుడి అరచేతిని రాస్తుంది. రెంటికీ మధ్య ఆలస్యం లేకపోతే చక్కిలిగింత తక్కువ. 100 మిల్లీసెకన్లు ఆలస్యం పెడితే పెరిగింది, 200కి ఇంకా పెరిగింది. కదిపేది తనేనని ఆ మనిషికి మొదటినుంచీ తెలుసు. అయినా సెకనులో అయిదో వంతు ఆలస్యానికే మెదడు దాన్ని పరాయి స్పర్శలా లెక్కేసింది. అంటే మనకి తెలియడం, తెలియకపోవడం కాదు లెక్క. మెదడు ఊహించిన క్షణానికి, ఊహించిన చోట ఆ స్పర్శ వచ్చిందా లేదా అన్నదే లెక్క.

2. ఆజ్ఞ ఒకటే, కాపీ ఇంకో చోటికి

దీన్ని ఎలా వివరించాలా అని ఆలోచించి చివరికి ఆఫీసు ఉత్తర్వు దగ్గర ఆగాను. కలెక్టరాఫీసు నుంచి ఉత్తర్వు వెళ్ళాల్సినవాడికి వెళ్తుంది, కింద "కాపీ టు" అని ఇంకొకరికీ ఒక ప్రతి పోతుంది. మోటార్ కార్టెక్స్ కండరానికి ఆజ్ఞ పంపేటప్పుడు దాని ప్రతి చిన్నమెదడుకీ, ఇంద్రియ సమాచారాన్ని చూసే భాగాలకీ అందుతుంది. "ఈ ఆజ్ఞ వల్ల ఫలానా స్పర్శ రావాలి" అని అక్కడ ముందే అంచనా తయారవుతుంది. వచ్చిన కబురులోంచి ఆ అంచనాని తీసేస్తే మిగిలేది బయటి ప్రపంచం పని.

ఈ ఆలోచనకి గట్టి రూపం వచ్చింది 1950లో. అదే ఏడు రెండు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వచ్చింది. జర్మనీలో ఎరిక్ ఫాన్ హోల్‌స్ట్, హోర్స్ట్ మిటెల్‌స్టేట్ ఒక రకం ఈగ తలని మెడ దగ్గర 180 డిగ్రీలు తిప్పి అలాగే నిలిపారు. చారల గోడలున్న డబ్బాలో వదిలితే ఆ ఈగ ఉన్నచోటే గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. అమెరికాలో రోజర్ స్పెర్రీ చేప కంటిని తిప్పి అలాంటి ఫలితమే చూశాడు. 1981లో నోబెల్ బహుమతి అందుకున్న స్పెర్రీయే ఇతను. ఆ బహుమతి మాత్రం మెదడు రెండు సగాల మీద చేసిన పనికి.

ఈగ తిరగడంలో ఉన్న తర్కాన్ని పిల్లల చేతే చెప్పించండి. కదిలేటప్పుడు మెదడు కంటి కబురుని గుడ్డిగా ఆపేస్తుందనుకుంటే, తల తిప్పిపెట్టినా ఈగకి తేడా పడకూడదు. ఆపడం లేదు, ఆజ్ఞతో పోల్చి చూస్తోంది. తల తిరగబడింది కనుక కబురు అంచనాకి ఎదురొస్తోంది. ఈగ దిద్దుకోబోయిన కొద్దీ తేడా పెరుగుతోంది. ఈ మెట్టు ఎక్కిన కుర్రవాడికి మిగతా పాఠం మీరు చెప్పక్కర్లేదు.

3. కన్ను చెప్పే సాక్ష్యం

ఒక కన్ను మూసి, రెండో కంటి బయటి కొసన రెప్ప మీంచి వేలితో చాలా మెల్లగా నొక్కితే ఎదురుగా ఉన్న గోడ కదిలినట్టు కనిపిస్తుంది. అదే కంటిని మామూలుగా గోడ మీద అటూ ఇటూ తిప్పితే గోడ కదలదు. కంటి తెరమీద బొమ్మ జరగడం రెండుసార్లూ జరిగేదే. 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని పట్టుకుని, కంటిని కదిలించే ప్రయత్నాన్ని కూడా మెదడు లెక్కలోకి తీసుకుంటుందని వాదించాడు. వేలు కదిపితే ఆ ప్రయత్నం లేదు, కాపీ లేదు, అందుకే గోడ కదిలింది. కంటి కండరం పక్షవాతంతో పడిపోయిన రోగి ఆ పక్కకి చూడబోతే, కన్ను కదలకపోయినా లోకమంతా అటే గెంతినట్టనిపించడం కూడా ఇందువల్లే. అక్కడ ఆజ్ఞ ఉంది, కదలికే లేదు. (శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు, గ్లాకోమా ఉన్నవాళ్ళు ఈ నొక్కుడు పరీక్ష చెయ్యకండి. మిగతావాళ్ళు కూడా ఒక్కసారి చేసి వదిలెయ్యండి.)

చదివేటప్పుడూ చూసేటప్పుడూ మన కళ్ళు సెకనుకి సుమారు మూడుసార్లు గెంతుతుంటాయి. గెంతిన ప్రతిసారీ దృశ్యం అలికినట్టయి కదలాలి. మనకేమీ తెలియదు. అద్దంలో ఒక కంటి నుంచి రెండో కంటికి చూపు మార్చుకుంటూ ఎంతసేపు నిలబడినా మీ కళ్ళు కదలడం మీకు కనిపించదు, పక్కనున్నవాళ్ళకి కనిపిస్తుంది. ఈ కాలపు పిల్లలు అద్దం బదులు సెల్‌ఫోన్ ముందు కెమెరా పెట్టుకుని "సార్, నాకు కనిపిస్తోంది" అంటారు. నిజమే. ఫోన్ బొమ్మ చూపించడంలో కాస్త వెనకబడుతుంది, ఈలోగా కంటి గెంతు అయిపోయి ఉంటుంది. దాన్ని పాఠానికి అడ్డు అనుకోకుండా పాఠంలోనే కలిపేసుకోండి.

ఈ కాపీ నడిచే దారి కూడా దొరికింది. 2002లో అమెరికాలో మార్క్ సోమర్, రాబర్ట్ వుర్ట్జ్ కోతుల్లో ఒక మార్గాన్ని పట్టుకున్నారు. మధ్యమెదడులో కంటి గెంతుని నడిపించే చోటు నుంచి థాలమస్ అనే కూడలి మీదుగా మెదడు ముందు భాగానికి అది వెళ్తుంది. థాలమస్ దగ్గర దాన్ని మందుతో కాసేపు ఆపితే కోతి మొదటి గెంతు బాగానే వేసింది, రెండో గెంతు గురి తప్పింది. మొదటి గెంతుతో కన్ను ఎక్కడికి చేరిందో దానికి సరిగా తెలియలేదన్నమాట.

4. టిఫిన్ సెంటర్లో సర్వర్ని గమనించండి

ఎడమ చేతి మీద దోసెల ప్లేట్లు పేర్చుకొచ్చి, కుడి చేత్తో ఒక్కొక్కటీ తీసి బల్లమీద పెడుతుంటాడు. ప్లేటు తీసినప్పుడల్లా బరువు తగ్గి ఎడమ చెయ్యి పైకి లేవాలి. లేవదు. మీరు సాయం చేద్దామని మీ ప్లేటు మీరే లాక్కోండి, అతని చెయ్యి ఎగురుతుంది, చట్నీ ఒలుకుతుంది. ఈ సంగతిని 1982లో ఊగోన్, మాసియోన్, వీజెండాంగర్ అనే ముగ్గురు ప్రయోగంగా చేసి చూపించారు. కుడి చెయ్యి బరువు ఎత్తబోయే ముందే ఎడమ మోచేతి కండరం తన పట్టు సడలిస్తుంది.

దీన్ని ఇంట్లో నీళ్ళ సీసాతో చేసి చూడండి. అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకోండి. మీ మనవణ్ణి "ఒకటి, రెండు, మూడు" అని చెప్పి మరీ తియ్యమనండి. ఎప్పుడు తీస్తాడో తెలిసినా చెయ్యి లేస్తుంది.

5. బస్సులో వాంతులు

ఘాట్ రోడ్డు మీద కిటికీ పక్క సీటువాళ్ళు కవర్లు పట్టుకుని కూర్చుంటారు, డ్రైవరుకి ఏమీ కాదు. అలవాటు కొంత ఉంది, రోడ్డు వైపు చూస్తుండడం కొంత ఉంది. మలుపు తిప్పేది తనే కావడం మూడోది. చెవిలోపలి సమతుల్యత అవయవం నుంచి వచ్చే కబురుని మెదడు మొదటి మజిలీలోనే సొంత కదలికదా, బయటిదా అని వేరు చేస్తుందని కాథ్లీన్ కల్లెన్ బృందం కోతుల్లో చూపింది. కోతి తనంత తాను తల తిప్పితే అక్కడి నాడీకణాలు పెద్దగా పలకవు, కుర్చీతో సహా తిప్పేస్తే పలుకుతాయి.

6. "అణిచేస్తుంది" అని రాసి ఊరుకోవద్దు

పరీక్ష పేపర్లు దిద్దుతుంటే అందరూ ఒకే వాక్యం రాసేవారు: కదిలేటప్పుడు మోటార్ భాగం ఇంద్రియ సమాచారాన్ని అణిచేస్తుంది అని. సగం మార్కులిచ్చేవాణ్ణి, ఎందుకంటే అది సగం నిజమే.

ఆ సగం ఇదీ. వెన్నుపాములోకి స్పర్శ నరం వచ్చి చేరే తొలి అంచె దగ్గరే, అంటే మెదడు దాకా పోకముందే, కబురుని తగ్గించే ఏర్పాటుంది. సెకి, పెర్ల్‌మటర్, ఫెట్జ్ 2003లో కోతి మణికట్టు కదుపుతుండగా దీన్ని కొలిచారు. కదలిక ఇంకా మొదలవకముందే ఆ తగ్గింపు మొదలైంది. పై నుంచి ఆజ్ఞ వచ్చిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రెండో సగం చూడండి. చీరల కొట్లో మీ ఆవిడ అంచు మీద చెయ్యి పెట్టి ఊరుకోదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతుంది, అప్పుడు గానీ పట్టో కాదో తేల్చదు. 1962లో జేమ్స్ గిబ్సన్ బిస్కెట్లు కోసే అచ్చుల్ని మనుషుల చేతికిచ్చి చూశాడు. అచ్చుని కదలని అరచేతి మీద నొక్కితే దాని ఆకారం చెప్పగలిగింది సుమారు సగం సార్లు. వేళ్ళతో తామే తడిమి చూసుకోనిస్తే దాదాపు 95 శాతం సరిగ్గా చెప్పారు.

కదిలే వేలికి చిన్న గిచ్చుడు తెలియదు, కానీ కదిలే వేలికే బట్ట నేత తెలుస్తుంది. ఈ రెండూ ఎలా కుదురుతాయి? సొంత కదలిక వల్ల పుట్టే రొద తగ్గిపోతే వస్తువు గురించిన సమాచారం తేటపడుతుంది. అంతేకాదు, కొన్నిచోట్ల మెదడు సూటిగా పెంచుతుంది కూడా. 2010లో నీల్, స్ట్రైకర్ ఎలుక బంతి మీద పరిగెత్తుతున్నప్పుడు దాని దృష్టి కార్టెక్స్ స్పందన నిలబడి ఉన్నప్పటికంటే రెట్టింపుకి మించడం చూశారు. అంతకుముందే 1992లో డ్యూహమెల్, కోల్బీ, గోల్డ్‌బర్గ్ మరో వింత చూశారు. కోతి కన్ను గెంతబోయే ముందే కొన్ని నాడీకణాలు, కన్ను చేరాక తమ పరిధిలోకి రాబోయే చోటుకి స్పందించడం మొదలెట్టాయి. అందుకే "అణిచేస్తుంది" బదులు "సర్దుతుంది" అని రాయమనేవాణ్ణి.

7. కీచురాయి చెవిటిదెందుకు కాదు?

మగ కీచురాయి రెక్కలు రాసి చేసే మోత దగ్గర్నుంచి కొలిస్తే 100 డెసిబెల్స్ దాటుతుంది. దాని చెవులు ముందుకాళ్ళలోనే ఉంటాయి. రాత్రంతా అంత మోత చేస్తూ మధ్యలో వచ్చే శత్రువు చప్పుడు ఎలా వింటుంది? కేంబ్రిడ్జ్‌లో పూలే, హెడ్విగ్ 2006లో దీన్ని ఒకే ఒక్క రకం నాడీకణం దాకా తీసుకెళ్ళారు. రెక్కల్ని ఆడించే యంత్రాంగం ఆ కణాన్ని మేల్కొల్పుతుంది. అది వినికిడి కణాల్ని సరిగ్గా ఆ మోత వచ్చేంతసేపే పట్టి ఉంచి, మధ్య విరామాల్లో వదిలేస్తుంది. చిటికెడు పురుగులోనే ఇంత లెక్క ఉంటే, మనిషి మెదడులో ఉందంటే ఆశ్చర్యం దేనికి? 2014లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఎలుకల మోటార్ కార్టెక్స్ నుంచి వినికిడి కార్టెక్స్‌కి నేరుగా వెళ్ళి, కదిలేటప్పుడు అక్కడి స్పందనని తగ్గించే తీగలూ చూపించారు.

రికార్డింగ్‌లో మన గొంతు మనకే కొత్తగా వినబడడానికి ఇదే కారణమని కొందరు క్లాసులో చెప్పేస్తుంటారు. దానికి ముఖ్య కారణం ఎముకల ద్వారా వినే శబ్దం రికార్డింగ్‌లో లేకపోవడం. దొరికిన ప్రతిదాన్నీ ఒకే సిద్ధాంతం కిందికి తొయ్యొద్దు.

8. "వాడే గట్టిగా కొట్టాడు"

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఈ తగువు తీర్చక తప్పదు. "నేను మెల్లగానే కొట్టాను తాతయ్యా, వాడే గట్టిగా కొట్టాడు" అని ఇద్దరూ అంటారు. ఒకడు అబద్ధమాడుతున్నాడని పెద్దలు తేల్చేస్తారు. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు.

2003లో సుఖి షెర్గిల్, వోల్పర్ట్, ఫ్రిత్ తదితరులు ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి వేలిని మరొకరు నొక్కే ఏర్పాటు చేశారు. నీకు ఎంత బలం తగిలిందో అంతే తిరిగివ్వు అన్నారు. వంతు మారిన ప్రతిసారీ బలం సగటున 38 శాతం పెరుగుతూ పోయింది. తాను పెట్టిన బలం మెదడు లెక్కలో తగ్గిపోయి తక్కువగా తోస్తుంది, తనకి తగిలింది పూర్తిగా తెలుస్తుంది. ఇద్దరూ సమానంగానే ఇస్తున్నామని ప్రమాణం చెయ్యగలరు, వేళ్ళు మాత్రం ఎర్రబడుతుంటాయి. వేలితో నొక్కే బదులు జాయ్‌స్టిక్ కదిపి యంత్రం చేత నొక్కించమంటే లెక్క సరిపోయింది. అక్కడ చేతి ఆజ్ఞకీ వేలి మీద తగిలే బలానికీ మామూలుగా ఉండే ముడి లేదు.

స్కిజోఫ్రీనియా ఉన్నవారి చేత ఇదే నొక్కుడు పని చేయిస్తే, వాళ్ళు మామూలువాళ్ళకంటే సరిగ్గా బలాన్ని తిరిగిచ్చారని అదే బృందం 2005లో చెప్పింది. సొంత కదలికని తగ్గించి లెక్కేసే ఏర్పాటు వాళ్ళలో సడలి ఉందన్నమాట. తన లోపలి మాటే తనకి పరాయి గొంతులా వినిపించడానికి ఇలాంటి సడలింపు కారణం కావచ్చని 1978లోనే ఫైన్‌బర్గ్, ఆ తర్వాత ఫ్రిత్ వాదించారు. ఇది ఇంకా వాదమే, జబ్బుకి మొత్తం వివరణ కాదు. అయినా ఎవరో మాట్లాడుతున్నారంటూ బెదిరిపోయే పిల్లవాణ్ణి గాలి సోకిందని తాయెత్తుల దగ్గరికి తిప్పేవాళ్ళు ఈ ఒక్క ప్రయోగం గురించి వింటే చాలు, మానసిక వైద్యుడి దగ్గరికి తొందరగా వెళ్తారని నా ఆశ. వాడు నటించడం లేదు. వాడికి నిజంగా వినబడుతోంది.

9. కాపీ ఒక్కటీ ఉంటే చాలదు

ఇంతదాకా ఆజ్ఞ గొప్పతనం చెప్పాను. దాని హద్దు కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌కి చెందిన ఇయాన్ వాటర్‌మన్‌కి 1971లో, 19 ఏళ్ళ వయసులో, ఒక జ్వరం తర్వాత మెడ కింద నుంచి స్పర్శ, అవయవాలు ఎక్కడున్నాయో తెలిపే జ్ఞానం రెండూ పోయాయి. కండరాల బలం పోలేదు, నొప్పి, వేడి, చల్లదనం తెలుస్తాయి. అయినా మొదట్లో లేచి కూర్చోలేకపోయాడు. ఆజ్ఞ పంపితే చెయ్యి ఎక్కడికో పోయేది. ఏళ్ళ తరబడి సాధన చేసి, ప్రతి కదలికనీ కళ్ళతో చూసుకుంటూ నడవడం నేర్చుకున్నాడు. దీపాలు ఆరిపోతే కూలబడిపోతాడు. డాక్టర్ జోనథన్ కోల్ అతని కథ పుస్తకంగా రాశాడు. ఆజ్ఞకి జవాబు రాకపోతే అంచనా సరిదిద్దుకునే దారి ఉండదు. రెండూ కలిసి నడవాలి.

10. పక్షవాతం వచ్చిన ఇంట్లో

అన్నిటికంటే ఎక్కువ అడిగించుకున్న ప్రశ్న ఇక్కడిదే. "రోజూ నాన్నగారి చెయ్యి ఆడిస్తున్నాం మాస్టారూ, ఇంకా పట్టు రాలేదు" అంటారు. ఆడిస్తున్నది ఎవరు? కొడుకు. నాన్నగారు పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నారు. కీళ్ళు బిగుసుకోకుండా ఆ ఆడించడం మంచిదే, మానొద్దు. కానీ అందులో ఆయన మెదడు నుంచి ఆజ్ఞ లేదు, అంచనా లేదు, వచ్చిన స్పర్శని పోల్చుకోవడానికి ఏమీ లేదు.

రోగి సొంత ప్రయత్నం ఉండాలన్న ఈ ఎరుక వెనక చాలా పాత కథ ఉంది. 1895లో మాట్, షెరింగ్టన్ కోతి చేతికి స్పర్శ నరాలు కోసేస్తే, కండరాల నరాలు బాగున్నా అది ఆ చెయ్యి వాడడం మానేసింది. స్పర్శ లేనిదే కదలిక లేదని అంతా అనుకున్నారు. తర్వాత ఎడ్వర్డ్ టాబ్ అలాంటి కోతుల మంచి చేతిని కట్టేస్తే, చచ్చుబడిందనుకున్న చేతిని అవి వాడటం మొదలెట్టాయి. ఆ ఆలోచనే మనుషుల దగ్గరికొచ్చింది. 2006లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో పక్షవాతం వచ్చి కొన్ని నెలలైన 222 మందిని తీసుకున్నారు. కొందరికి రెండు వారాల పాటు మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం మంచి చేతికి తొడుగు తొడిగి, పడిపోయిన చేత్తోనే పనులు చేయించారు. మామూలు వైద్యంతో సరిపెట్టినవాళ్ళకంటే వాళ్ళ చెయ్యి బాగా పనికొచ్చింది, ఏడాది తర్వాత కూడా ఆ లాభం నిలిచింది. మణికట్టూ వేళ్ళూ కాస్తయినా తెరవగలిగినవాళ్ళనే అందులో తీసుకున్నారని మరిచిపోకండి. ఎవరికి ఏది తగునో ఫిజియోథెరపిస్టే చెప్పాలి, మంచి చేతిని మీరే ఇంట్లో కట్టెయ్యొద్దు.

ఆ పెద్ద చికిత్స అందరికీ అందదు. అందేది ఒకటుంది. రేపు పొద్దున్న మీ నాన్నగారి చెయ్యి ఎత్తబోయే ముందు, ఫిజియోథెరపిస్టుని ఒక మాట అడిగి, "నాన్నా, మీరు ఎత్తండి, నేను పట్టుకుంటాను" అనండి. వేలు కదిలినా కదలకపోయినా ఆయన ప్రయత్నం చేసేదాకా ఆగండి. ఆ తర్వాతే మీ చెయ్యి వెయ్యండి.